గడియారాల మనిషి

మధ్యాహ్నం మూడు దాటింది. కంప్యూటర్లు బాగుచేసే ఇరుకు గది. బల్లకు ఒక పక్క ఆ పని చేసే అమ్మాయి. ఎదుట, ఒళ్లో పొడవాటి పుస్తకం పెట్టుకుని, చూపు పోయిన ఒక పెద్దాయన.

"ఖాళీ అంటే?"

"ఖాళీ అంటే నిజంగా ఖాళీ కాదండి. ఖాళీగా కనిపిస్తోంది."

"అమ్మాయ్, నేను ముప్పై మూడేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాను. ఉన్నది ఉంటుంది, లేనిది ఉండదు. ఉండీ లేనట్టు కనిపించేది ఒక్కటే చూశాను నా సర్వీసులో. దొంగ తక్కెడ."

"ఇది తక్కెడ కాదండి, హార్డ్ డిస్కు. ఇంతకీ దీన్ని పాత కంప్యూటర్లోంచి ఊడదీసి కొత్తదాంట్లో పెట్టిందెవరు?"

"మా మేనల్లుడు. పాతది మొరాయించింది. డబ్బా మారింది గాని సరుకంతా ఇందులోనే ఉంది మావయ్యా అన్నాడు. తీరా బటన్ నొక్కితే చప్పుడు లేదు. ఏమిట్రా అంటే, అత్త పేరుతో ఫోల్డరుంది గాని దాంట్లో ఏమీ లేదంటాడు. ఏమీ లేకపోవడమేమిటి? ముప్పై ఎనిమిది భాగాలు ఈ చెవులతో విన్నాను."

"ఏం భాగాలండీ?"

"నవల. నాకు చూపు పోయాక మా ఆవిడ చదివి రికార్డు చేసి పెట్టింది."

"అయితే ఆవిణ్ణి కూడా తీసుకురావాల్సిందండి. పాస్‌వర్డు ఆవిడకే తెలిసి..."

"ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది."

"అయ్యో. తెలియక అన్నానండి, ఏమీ అనుకోకండి."

"తెలియనిదానికి అనుకునేదేముంది. పని చూడు. ఎంతసేపు పడుతుంది?"

"ముందు తాళం తియ్యాలి. పది నిమిషాలనుకోండి."

"అనుకోను. పది నిమిషాలంటే పది నిమిషాలే."

"అమ్మో."

"తాళమేమిటి?"

"పాత కంప్యూటర్లో ఆవిడకి విడిగా ఒక గదిలాంటిది పెట్టారు మీ మేనల్లుడు. ఆవిడ తప్ప ఇంకెవరూ తలుపు తియ్యకూడదు. ఇప్పుడు డిస్కు తెచ్చి వేరే కంప్యూటర్లో పెట్టారు. గదీ వచ్చింది, గదికున్న తాళమూ వచ్చింది. ఆ గది ఎవరిదో తెలిసిన మనిషి మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయాడు. కొత్త కంప్యూటరుకి మీ ఆవిడెవరో తెలియదు. మర్యాదగా తలుపు మూసి, ఏమీ లేదు పొండి అంటోంది."

"ఆవిడ పేరు రాసి ఉండదా?"

"యజమాని అన్నచోట అదే చూస్తున్నానండి. పేరు లేదు. పెద్ద అంకె ఉంది, రైలుబండంత పొడుగు. పక్కన 'తెలియని మనిషి' అని ఉంది."

"తెలియని మనిషా? ముప్పై ఆరేళ్లు కాపురం చేసింది."

"కంప్యూటరుకి తెలియదంటున్నానండి. మీకు కాదు."

"అంకెకీ మనిషికీ సంబంధమేమిటి?"

"లోపల ఎప్పుడూ అంకేనండి. అంకెకి పేరు కలిపి చూపించడం పాత కంప్యూటరుకి తెలుసు. అది పోయింది. ఎవరికి తెలుసో వాళ్లు పోతే మిగిలేది అంకే కదండీ."

"...సరే. ఇప్పుడేం చెయ్యాలి?"

"యజమానిని మార్చాలి. ఇకనుంచి ఇదంతా ఫలానావాళ్లదని రాస్తే తలుపు తెరుచుకుంటుంది. మామూలుగా మా షాపు పేరే కొట్టేస్తాం."

"మా ఆవిడ గొంతుకి మీ షాపు యజమానా?"

"మాటవరసకండీ. పని కావడానికి."

"నా పేరు రాయి."

"ఎవరిదైనా ఒకటేనండి, తలుపు తెరుచుకోవడమే కదా..."

"ఒకటి కాదు. నా పేరు. ఇంటిపేరుతో సహా. లోపలున్న ప్రతిదాని మీదా. ఒక్కటి వదిలావంటే ఊరుకోను."

"రాస్తున్నానండి, రాస్తున్నాను. ఇందాక రసీదు మీద చెప్పారుగా, అదే పేరు. ...ఇదిగో. యజమాని అన్నచోట ఇంటిపేరుతో సహా తమరే."

"ప్రతిదాని మీదా?"

"ప్రతిదాని మీదా. ఇది ఒక్కొక్కదాన్నీ తడుముకుంటూ పోతుంది, కొంచెం సేపు పడుతుంది. ఈలోగా టీ తాగుతారా?"

"వద్దు. ఆ ఫ్యాను ఎవరికోసం తిరుగుతోంది?"

"ఏ ఫ్యానండీ?"

"నీ వెనక, ఎడమవైపు మూల. అక్కడ కుర్చీ కదల్లేదు, మనిషి దగ్గలేదు. గోడకెందుకు గాలి?"

"కళ్లున్నదాన్ని, నాకే తెలియలేదు అది తిరుగుతోందని!"

"కట్టెయ్."

"కట్టేశా. మా నాన్న గుర్తొస్తున్నాడండి మిమ్మల్ని చూస్తే."

"ఫ్యాన్లు కట్టించేవాడా?"

"చెప్పులు. గుమ్మం దగ్గర జోడు వంకరగా ఉంటే అన్నం మధ్యలో లేపేవాడు."

"క్రమశిక్షణ. మంచిదే."

"మంచిదేనండి."

"పది నిమిషాలన్నావు. పధ్నాలుగైంది. చెప్పిన టైము చెప్పినట్టు ఉండాలి."

"మీ చేతికి గడియారం కూడా లేదు కదండీ!"

"లోపలుంది. తెరుచుకుందా లేదా?"

"ఇదిగో... తెరుచుకుంది. తెరుచుకుందండీ! అన్నీ ఉన్నాయి. వరసగా అంకెలు వేసి పెట్టారు. ఒకటి, రెండు... నలభై ఒకటి."

"లెక్క తప్పావు. ముప్పై ఎనిమిది."

"నలభై ఒకటండి."

"నేను విన్నవి ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిదో భాగం విన్న మర్నాడే ఆవిణ్ణి ఆస్పత్రిలో చేర్చాం. అక్కణ్ణుంచి ఇంటికి రాలేదు."

"ఇంకో మూడున్నాయి. చివరి మూడూ ఒకే రోజు చేశారు. నలభై ఒకటో దాని మీద మధ్యాహ్నం రెండుంపావు అని ఉంది."

"తేదీ చెప్పు."

"పోయినేడాది... పదకొండో నెల, పందొమ్మిది."

"...ఆస్పత్రికి ముందు రోజు. అంటే నవల పూర్తి చేసేసిందన్నమాట. నాకు మాటమాత్రం చెప్పకుండా పూర్తి చేసేసింది. పెట్టమ్మా. ముప్పై తొమ్మిది పెట్టు."

"ఆగండాగండి. డిస్కు గరగరమంటోంది, వినిపిస్తోందా? ఎక్కడో దెబ్బ తగిలింది. ముందు అన్నీ వేరేచోటికి కాపీ తీసుకోవాలి. ఈలోగా ఇదే ఆగిపోతే ఇద్దరం నెత్తిన గుడ్డేసుకోవాలి."

"ఎంతసే... సరే. కానీ."

"ఏం నవలండీ అది?"

"పేరు తెలియదు. అట్ట ఊడిపోయిందట, రచయిత పేరూ దాంతోపాటే పోయింది. కాని రాసినవాడెవడో ఘటికుడు. ఒక్క మాట ఎక్కువుండదు. నా తక్కెడ మీద తూచినట్టుంటుంది."

"కథేమిటి?"

"గడియారాలు బాగుచేసేవాడొకడు. వాడి భార్య. అంతే. ముప్పై ఎనిమిది భాగాలూ ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు. వాడు తాగడు. చెయ్యెత్తడు. వేలెత్తి చూపించడానికి ఒక్క చెడ్డ అలవాటు లేదు. కాని ఆవిడ లోపల్నుంచి మంచినీళ్లు తెస్తుంటే ఎన్ని అడుగులకి తెచ్చిందో లెక్కపెడతాడు. ఆవిడ ఏదైనా చెప్పబోతే, క్లుప్తంగా చెప్పు అంటాడు. పెళ్లైన కొత్తలో ఆ పిల్ల వంట చేస్తూ పాడుకునేది. ఒకరోజు వాడు శ్రుతి తగ్గింది అన్నాడు. అంతే, మళ్లీ పాడలేదు. పాట మానేసిందని కూడా వాడికి తెలియదమ్మా! ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాడు. నీచుడు."

"మీకు చాలా కోపమున్నట్టుందే వాడి మీద."

"కోపమా? ఎదురుపడితే ఈ కర్ర విరిగేది. గట్టిగానే తిట్టేవాణ్ణి. మా ఆవిడ పక్కనే కూర్చుని బట్టలు కుడుతుండేది. చుట్టుపక్కల ఆడవాళ్లవన్నీ ఆవిడే కుట్టేది. నేను వాణ్ణి తిట్టినప్పుడల్లా కుట్టుమిషను చప్పుడు ఆగేది. ఆహా, ఆవిడా వింటోంది కదా అని నాకు సంతోషం."

"ఆవిడేమీ అనేవారు కాదా?"

"ఊఁ అనేది. మళ్లీ మిషను తొక్కేది. ఒకసారి నేనే అడిగాను, వీడు చివరికైనా మారతాడా అని. తెలియదండీ, నేనూ ఇంకా అక్కడిదాకా రాలేదు అంది."

"పక్కనే ఉన్నప్పుడు రికార్డెందుకండీ? ఎదురుగా కూర్చుని చదివేస్తే పోయేదిగా?"

"మొదట అలాగే మొదలుపెట్టింది. నాలుగు రోజులు చదివింది. ఒకటీ అరా మాట తప్పు పలికేది. దిద్దేవాణ్ణి. వాక్యం సాగితే, విషయానికి రా అనేవాణ్ణి. ఐదో రోజు మేనల్లుణ్ణి పిలిపించి ఈ ఏర్పాటు చేయించుకుంది. డబ్బాలోంచి వస్తే మీరు మధ్యలో ఆపలేరుగా అని నవ్వింది."

"ఆపలేదా మీరు?"

"డబ్బా నా మాట వింటుందా? నోరు మూసుకుని విన్నాను. అలా వినడం కూడా ఒక విద్యేనమ్మా. ముసలితనంలో నేర్చుకున్నాను."

"మీరెప్పుడూ దాంట్లో మాట్లాడలేదా? సరదాకి?"

"నేనెందుకు? నా గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆవిడ అనేది, దాంట్లో తన మాట తను వింటే ఎవరో పరాయి ఆడమనిషి మాట్లాడుతున్నట్టుంటుందని."

"అందరికీ అంతేనండి. మన గొంతు లోకమంతా గుర్తుపడుతుంది, మనం తప్ప."

"కాపీ ఎంతవరకు వచ్చింది?"

"ఇరవై ఏడు. ఇంతకీ ముప్పై ఎనిమిదిలో కథ ఎక్కడాగింది?"

"ఆవిడ ఇల్లు విడిచి వెళ్లిపోయింది. స్టేషనుకి పోయి టిక్కెట్టు కొనుక్కుంది. బెంచీ మీద కూర్చుంది. దూరంగా రైలు కూత. అంతే. ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ ఆ బెంచీ మీదే కూర్చుని ఉందమ్మా ఆవిడ. తెల్లవారుజామున మెలకువొస్తే మొదట ఆవిడే గుర్తొస్తుంది. రైలెక్కిందా, తిరిగొచ్చిందా? వస్తే ఎందుకొచ్చింది? అదొక్కటీ తెలిస్తే నాకు చాలు."

"ఎక్కెయ్యాలంటారా?"

"ఎక్కెయ్యాలి. అలాంటివాడి ఇంటికి తిరిగి రాకూడదు. కాని వస్తారు. ఆడవాళ్లు వస్తారు. మా ఆవిడ కూడా ఒకసారి చెప్పాపెట్టకుండా వాళ్ల చెల్లెలింటికి వెళ్లిపోయింది. పెళ్లైన పదకొండో ఏడు. నాలుగు రోజులకి తిరిగొచ్చింది."

"మీరేమన్నారు?"

"పల్లెత్తు మాట అనలేదు. ఎందుకెళ్లావని అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. ఇంకొకడైతే ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇంటి తాళంచెవి మాత్రం ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకున్నాను."

"తాళంచెవా?"

"భద్రం కోసం. ఒక ఇంటికి రెండు చెవులెందుకు?"

"కాపీ చూసుకుంటున్నానండి."

"ఎంతదాకా వచ్చింది?"

"ముప్పై ఎనిమిది అయింది. ముప్పై తొమ్మిది... ముప్పై తొమ్మిది... ఊహూఁ."

"ఊహూఁ ఏమిటి?"

"ముప్పై తొమ్మిది రావట్లేదండి. సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది. ఊడదీసేటప్పుడు ఎక్కడో జారి ఉంటుంది. ఇంకోసారి చూస్తా ఉండండి. ...లేదండి. పోయింది. నలభై, నలభై ఒకటి మాత్రం శుభ్రంగా వచ్చాయి."

"వాడి చేతులు పడిపోను. జాగ్రత్తగా పట్టుకోరా అని పదిసార్లు చెప్పాను. ...సరే, ఫరవాలేదు. ఇందుకే పుస్తకం తెచ్చాను. తీసుకో. ముప్పై తొమ్మిదో భాగం నువ్వు చదివి వినిపించు, మిగతా రెండూ ఆవిడ గొంతుతో విందాం."

"పుస్తకం ఇంట్లోనే ఉందా! మరి ఎనిమిది నెలలు ఎవరిచేతైనా చదివించుకోలేకపోయారా?"

"ఆవిడ గొంతుతో మొదలైంది, ఆ గొంతుతోనే ముగియాలనుకున్నాను. పైగా ఎవరి చేతికీ ఇవ్వొద్దంది. ఇస్తే తిరిగి రాదు, ఇలాంటిది మళ్లీ దొరకదు అంది. తలగడ కింద పెట్టుకుని పడుకుంటాను."

"ఇంత పొడుగ్గా ఉందే నవల."

"నేనూ అడిగాను. పాత అచ్చు, అప్పట్లో అలాగే వేసేవాళ్లంది. తియ్యి."

"తీశానండి."

"ఏమిటన్ని పేజీలు తిప్పుతున్నావు? చివరికి చూడు."

"చివరికే చూస్తున్నానండి."

"ఏముంది?"

"నడుము ముప్పై నాలుగు."

"ఏమిటీ?"

"ఆఁ... ఏం లేదండి."

"నడుమేమిటి? నవల్లో దర్జీ ఎక్కడున్నాడు?"

"అది... ఈ పేజీలు కొన్ని చిరిగిపోయాయండి."

"చిరగలేదు. రోజూ పడుకోబోయే ముందు లెక్కపెడతాను. నూట తొంభై రెండు ఆకులు."

"ఆకులు కూడా లెక్కపెడతారా!"

"చదువమ్మా."

"చదువుతున్నానండి. 'ఆమె... ఆమె బెంచీ మీద కూర్చుంది. రైలు వచ్చింది. స్టేషను చాలా రద్దీగా...'"

"ఆపు. అది ఆ రచయిత వాక్యం కాదు. ముప్పై ఎనిమిది భాగాల్లో 'చాలా' అన్న మాట ఒక్కసారి వాడలేదు. నా దగ్గరా నీ దొంగ తూకం? ఏముంది ఆ పుస్తకంలో?"

"మీ ఆవిడ చేతిరాత ఎలా ఉండేదండీ?"

"గుండ్రంగా. తలకట్లు పెద్దవిగా పెట్టేది. ఎందుకు?"

"ఊరికే."

"అమ్మాయ్."

"ముందు నలభై విందామండి. విన్నాక అడగండి, ఉన్నదున్నట్టు చెబుతాను. ఒట్టు."

"...పెట్టు."

"పెట్టాను. ఇదిగో, వస్తోంది."

‘నలభై. ఆమె తిరిగి వచ్చేసరికి ఇంటి తలుపు తెరిచే ఉంది.’

"ఆవిడే. ఆవిడే అమ్మా."

"వినండి."

‘నాలుగు రోజుల్లో ఇంట్లో ఏదీ కదలలేదు. ఆమె నీళ్లు తాగి వదిలిన గ్లాసు వదిలినచోటే ఉంది. గోడల మీది గడియారాలన్నీ ఒకే సమయం చెబుతున్నాయి.’

"ష్! పేజీ తిప్పింది. విన్నావా? ఆ చప్పుడు విన్నావా?"

"విన్నానండి."

‘గడియారాల మనిషి తల ఎత్తలేదు. అడుగుతాడని ఆమె దారి పొడవునా జవాబులు కూర్చుకుంది. కోపంగా అడిగితే ఒకటి, ఏడుస్తూ అడిగితే ఒకటి, మామూలుగా అడిగితే ఒకటి. అడగకపోతే ఏం చెప్పాలన్నది మాత్రం ఆమె దగ్గర లేదు. అతను చెయ్యి చాచాడు. పట్టుకుంటాడనుకుని ఆమె తన చెయ్యి ఇచ్చింది. ఆ చేతిలోని తాళంచెవి తీసుకుని, మేకుకు తగిలించి, అతను మళ్లీ పనిలో పడ్డాడు.’

"ఆపు."

"ఆపానండి."

"తాళంచెవి."

"అవునండి."

"నేను ఇందాక నీకు చెప్పానే..."

"చెప్పారండి."

"అది వేరు. నేను భద్రం కోసం తీసుకున్నాను. వాడు చూడు! ఆడమనిషి చెయ్యిస్తే, చెయ్యి వదిలేసి చెవి తీసుకున్నాడు. చూశావా ఎలాంటివాడో!"

"మీరు చెయ్యి పట్టుకున్నారాండీ?"

"పాతికేళ్ల కిందటి మాట. ఎవరికి గుర్తు?"

"నాలుగు రోజులన్నదీ సరిపోయింది."

"సరిపోతే? కాకతాళీయం అంటారు దాన్ని. లోకంలో ప్రతి ఇంటికీ ఒక తాళంచెవి ఉంటుంది. పుస్తకంలో ఏముందో చెబుతానన్నావు. చెప్పు."

"కొలతలున్నాయండి."

"ఏం కొలతలు?"

"మనుషులవి. ఛాతీ, నడుము, చేతి పొడవు. గుండ్రటి చేతిరాత, పెద్ద తలకట్లు. నవల లేదండి ఇందులో. మీ ఆవిడ బట్టలు కుట్టడానికి రాసుకున్న కొలతల పుస్తకం ఇది."

"మరి ఏం చూసి చదివింది?"

"నాకెలా తెలుస్తుందండీ."

"రెండు పుస్తకాలుండి ఉంటాయి. రెండూ ఒకే పొడుగు. నాకిది ఇచ్చి ఉంటుంది పొరపాటున."

"ఉండొచ్చండి."

"ఉండొచ్చు కాదు. ఉంటాయి."

"మీ కొలతలు కూడా ఉన్నాయండి ఇందులో. ఒక పేజీ పైన 'ఆయన' అని రాసుంది. ఛాతీ నలభై. కింద ఇంకో తేదీ, ముప్పై తొమ్మిదిన్నర. ఇంకో తేదీ. అలా కిందిదాకా వచ్చి ముప్పై ఆరు దగ్గర ఆగింది."

"అబద్ధం. నా ఒంటి మీద టేపు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. పాత చొక్కా కొలుచుకుని కుట్టు అనేవాణ్ణి. నన్నెప్పుడు కొలిచింది?"

"ప్రతి తేదీ పక్కనా చిన్నగా రాశారండి. 'నిద్రలో' అని."

"నిద్రలోనా?"

"అవునండి. మంచినీళ్లివ్వనా?"

"వద్దు. ముప్పై ఆరా?"

"ముప్పై ఆరు."

"అంత తగ్గానా? నాకెప్పుడూ చెప్పలేదే. ...ఇంకొకటుందన్నావు. నలభై ఒకటి."

"ఇవాళ్టికి చాలేమోనండి. రేపు రండి. నేనే ఇంటికి తెచ్చిస్తాను కావాలంటే."

"ఎందుకొచ్చిందో తెలియాలి నాకు. రైలెక్కి వెళ్లిన మనిషి అక్కడే ఎందుకు ఉండిపోలేదు? వాడిలాంటివాడి దగ్గరికి ఎందుకు తిరిగొచ్చింది? అదొక్కటీ విని పోతాను. పెట్టు."

"చిన్నదండి. రెండు నిమిషాలు కూడా లేదు."

"నవల ఆఖరు రెండు నిమిషాలు చాలు. పెట్టు."

‘నలభై ఒకటి. ఇది చివరిది.’

"గొంతు నీరసించింది చూడు. ఒంట్లో బాగాలేదని నాకు ఒక్కమాట చెప్పలేదు."

‘ఎందుకు తిరిగి వచ్చావని అతను ఆ రోజు అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. అడగని ఆ ప్రశ్న ఇంట్లో ఒక సామానులా ఉండిపోయింది. దాన్ని తప్పుకుని నడవడం ఇద్దరికీ అలవాటైంది. అడిగి ఉంటే ఆమె చెప్పేది. అడగకపోయినా ఇప్పుడు చెబుతుంది. ఇన్ని రోజులుగా ఈ కథ చదివింది ఈ ఒక్క మాట కోసమే. నాలుగో రోజు తిరుగు రైలు వచ్చి ఆగింది. ఆమె బెంచీ మీద నుంచి లేచింది. మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు ఆమెకు...’

‘ఇంకా ఎంతసేపు? ఐదు నిమిషాలన్నావు. తొమ్మిదైంది. చెప్పిన టైము చెప్పినట్టు ఉండాలని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఆ గొణుగుడు కట్టిపెట్టి ఇటు రా ముందు.’

‘వస్తున్నానండీ.’

"తర్వాత?"

"అంతేనండి."

"అంతే ఏమిటి? అప్పుడు ఆమెకు... అప్పుడు ఆమెకు ఏమిటి? తర్వాతది పెట్టు."

"తర్వాతది లేదండి. అక్కడితో రికార్డు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టలేదు."

"ఉంటుంది. ఖాళీగా కనిపిస్తుంది గాని ఖాళీ కాదన్నావుగా? తాళం తియ్యి. వెతుకు."

"వెతకడానికేం లేదండి. తియ్యని తాళమూ లేదు. ఆవిడ చెప్పలేదు, అంతే."

"మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి. సాయంత్రానికి మాట పడిపోయింది."

"అవునా అండీ."

"వెనక్కి తిప్పు. ఆ చివర. ఆవిడ మాట మధ్యలో పడ్డాడే, అక్కడికి."

"వద్దండి."

"తిప్పమన్నాను."

‘ఇంకా ఎంతసేపు? ఐదు నిమిషాలన్నావు. తొమ్మిదైంది. చెప్పిన టైము చెప్పినట్టు...’

"ఆపు. ఆపు. ఎవడమ్మా వాడు? నోటిదాకా వచ్చిన మాట! ముప్పై ఆరేళ్లకి నోటిదాకా వచ్చింది. మా ఇంట్లో, మా ఆవిడ మీద, ఆ గొంతేసుకుని... ఎవడు వాడు?"

"పొద్దుపోతోందండి. మీ మేనల్లుణ్ణి రమ్మని ఫోన్ చెయ్యనా?"

"నీకు కనిపిస్తుందిగా, చెప్పవేం? అక్కడ పేరేమీ లేదా? అంకేనా? అది కూడా తెలియని మనిషేనా?"

"లేదండి. పేరుంది."

"ఎవరి పేరు?"

"ఇందాక మీరు రాయించిన పేరేనండి."